వెనక వాయించే మనిషి

మీ ఆయన ఏం చేస్తారని ఎవరైనా అడిగితే, వయొలిన్ వాయిస్తారని నేనెప్పుడూ చెప్పలేదు. వెనక వాయిస్తారని చెబుతాను. సంగతి తెలిసినవాళ్ళు తల ఊపుతారు. తెలియనివాళ్ళు "దేని వెనక?" అంటారు. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పడం నాకు ఇష్టమే. నోట్లో నాలుక లేని మనిషిని చేసుకున్నాక ఇద్దరి మాటలూ ఒక్కదాన్నే మాట్లాడటం అలవాటైపోయింది.

మావారిది పక్కవాద్యం. కచేరీలో పాడే ఆయన మధ్యలో కూర్చుంటారు. గోడమీద కాగితంలో బొమ్మ ఆయనది, దండ ఆయనకి, శాలువా ఆయనకి. మావారు ఆ పక్కనే కూర్చుని, వయొలిన్ తలని కుడికాలి మడమ మీద ఆనించి, ఆ గొంతు ఎటు వెళితే అటు వెళతారు. ముందు వెళ్ళకూడదు. మరీ వెనకబడకూడదు. వెంట్రుకవాసి వెనక నడవాలి. వినేవాళ్ళకి రెండూ ఒకటే అనిపించాలి గానీ, పాడే ఆయనకి మాత్రం తన వెనక ఎవరో ఉన్నారని తెలుస్తూ ఉండాలి. ఇదంతా మావారు చెప్పింది కాదు. ఇన్నేళ్ళు చూసి నేను పోగుచేసుకున్నది.

తోటి వాద్యాలవాళ్ళు ఆయన్ని "నీడ" అనేవారు. మొదట్లో వెక్కిరింపుకే అన్నారట. తర్వాత్తర్వాత ఆ మాటకి గౌరవం వచ్చి "నీడగారు" అయింది. మా పెళ్ళి కుదిరినప్పుడు మేనత్త "పిల్ల నీడని చేసుకుంటోంది, ఇంక ఎండ బాధ లేదు" అని ఇల్లంతా నవ్వించింది. మావారు కూడా నవ్వారు, అందరూ నవ్వడం మొదలుపెట్టాక.

ముప్పై ఏళ్ళకి పైగా ఆయన ఒకే గొంతు వెనక వాయించారు. ఆ గాయకుణ్ణి మా ఇంట్లో "పెద్దాయన" అనేవాళ్ళం. పేరు పెట్టి ఎప్పుడూ అనలేదు. పెద్దాయన పాడేముందు ఇదీ వరస అని చెప్పేవారు కాదు. ఒకటి అనుకుని ఇంకోటి ఎత్తుకునేవారు. పాట మధ్యలో మనసు మారితే దారి మార్చేవారు. మావారు ఆయన ఊపిరి చూసి పోల్చుకునేవారు. పొట్ట నిండా పీలిస్తే పైకి వెళతారట, ముక్కుతో కొంచెం తీసుకుంటే కిందికి దిగుతారట. నా ఊపిరి చూసి నాకు కోపం వచ్చిందో లేదో మాత్రం ఈ రోజుకీ పోల్చుకోలేరు.

ఆ రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది. నాకు ఆసుపత్రి డ్యూటీ లేని రోజుల్లో నేనూ వెళ్ళేదాన్ని. బస్సులో కిటికీ పక్క సీటు వయొలిన్ పెట్టెకి, మధ్య సీటు ఆయనకి, అంచు సీటు నాకు. కండక్టరు గొణిగితే నేను చూసుకునేదాన్ని. పెళ్ళి మంటపాల్లో ఎవరూ వినని కచేరీలు, మైకు గీపెట్టే హాళ్ళు, తెర వెనక ఇరుకు గదిలో ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు, పెద్దాయన దగ్గు, మావారు బిరడలు తిప్పి శ్రుతి చేస్తుంటే తీగలు మూలిగే చప్పుడు. కచేరీ అయ్యాక అర్ధాకలితో ఏ బస్టాండు బల్లమీదో కూర్చుని పెద్దాయన ఆ రోజు తను చేసిన తప్పుల్ని చిన్నపిల్లాడిలా ఒప్పుకునేవారు. "అక్కడ నేను పడిపోయేవాణ్ణే. నువ్వు పట్టుకున్నావు" అనేవారు మావారితో. మావారు తల వంచుకుని పెట్టె తుడుస్తూ ఉండేవారు. అదీ మా వైభోగం. నాకు మాత్రం నా ముందు ఏ మహారాణీ పనికి రాదనిపించేది.

కచేరీలో ఒక మర్యాద ఉంది. పాడే ఆయన రాగం ఆలాపించి, ఒకచోట ఆగి, వయొలిన్ వైపు చూసి తల ఊపుతారు. దాన్ని వయొలిన్‌కి వదలడం అంటాం. ఆ కాసేపూ సభ వయొలిన్‌ది. అదే రాగాన్ని అతను తన మనసులో ఉన్నట్టు వాయించుకోవచ్చు, ఎవరి వెనకా నడవక్కర్లేదు. ఆ కాసేపటి కోసం మావారు పొద్దుటినుంచీ కాఫీ కూడా స్థిమితంగా తాగేవారు కాదు.

చివరి మూడు నాలుగేళ్ళూ పెద్దాయన వదలడం మానేశారు. రాగం అవుతూనే, ఊపిరైనా తిప్పుకోకుండా, పాటలోకి వెళ్ళిపోయేవారు. అప్పటికే ఆయనకి మతిమరుపు పట్టుకుంది. చరణం మధ్యలో తర్వాతి మాట మరిచిపోయేవారు. మావారు ఆ ముక్కని ముందే తీగ మీద మెల్లగా అనేవారు, పెద్దాయన అందుకునేవారు, జనం అదేదో కొత్త సొగసనుకుని చప్పట్లు కొట్టేవారు. ఇంత చేసేవాడికి ఆ కాస్త వంతు ఇస్తే ఏం పోయింది? రెండో వరసలో కూర్చుని నేను లోపల్లోపల "వదులు, వదులు" అనుకునేదాన్ని. పెదాలు కదిలేవి కాబోలు, పక్కనావిడ నేను జపం చేసుకుంటున్నాననుకుని తనూ కళ్ళు మూసుకునేది.

"మీ వంతు మీరు అడగొచ్చుగా" అని ఇంటికొచ్చాక నిలదీసేదాన్ని.

"పెద్దాయన కదా" అనేవారు. నేను ఎంత పోట్లాడినా జవాబు ఆ రెండు మాటలే.

పెద్దాయన పోయారు. తర్వాత ఒక కుర్ర గాయకుడు మర్యాదగా పిలిచాడు. మావారు వెళ్ళి వాయించి వచ్చి, కండువా కొక్కేనికి తగిలించి, "ఆ అబ్బాయి ఊపిరి నాకు తెలీదు" అన్నారు. మళ్ళీ వెళ్ళలేదు. రోజూ సాయంత్రం పెట్టె తెరిచేవారు, వయొలిన్ తుడిచేవారు, మూసేసేవారు. ఇంట్లో ఆ చప్పుడు లేక నా చెవులకి పిచ్చెక్కింది. చుట్టుపక్కలవాళ్ళు నిశ్శబ్దం బాగుందనుకుని ఉంటారు. వాళ్ళ సుఖం వాళ్ళది.

నేను నర్సుని. విదేశంలో వృద్ధుల ఆశ్రమంలో ఉద్యోగం ఉందని తెలిసినప్పుడు, ఊరు మారితే మనిషి మారతాడని నా వెర్రి. వెళదామా అని అడిగాను. "నువ్వు వెళితే నేనూ వస్తాను" అన్నారు. దాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను. కాదు. ముందు ఎవరైనా కదిలితే వెనక కదలడం ఆయనకి అలవాటు, అంతే.

దిగేసరికి చలికాలం. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. లిఫ్టు లేదు. గోడవారన పొడుగునా ఇనుప గొట్టాలు, వాటిలోంచి వేడినీళ్ళు పోతే గది వెచ్చబడుతుంది. వంటిల్లు ఎంత ఇరుకంటే, నేను వెనక్కి తిరగాలంటే ఆయన బయటికి వెళ్ళాలి. కిటికీలోంచి చూస్తే ఎదుటి ఇంటి కిటికీ, దాంట్లో ఎప్పుడూ కదలని ఒక పిల్లి. కొన్నాళ్ళకి తెలిసింది, అది బొమ్మ. మావారు అప్పటికే దాన్ని రోజూ పలకరిస్తున్నారు.

దిగిన వారంలో ఆయన పెట్టె తెరిస్తే తీగలన్నీ వేలాడిపోయి ఉన్నాయి. వేడి గొట్టాల వల్ల గదిలో గాలి ఎండిపోయి, చెక్క బిరడలు కుంచించుకుని వదులైపోయాయి. బిగిస్తే జారాయి. మళ్ళీ బిగిస్తే మళ్ళీ జారాయి. ఆ పూట అన్నం సగంలో వదిలి లేచిపోయారు. నేను తువ్వాలు తడిపి గొట్టం మీద ఆరేసి, దాని పక్కన పెట్టె పెట్టించాను. మర్నాడు బిరడలు నిలిచాయి. అప్పటినుంచీ రోజూ సాయంత్రం తువ్వాలు తడిపి ఆరేయడం ఆయన పని. వాయించడం మాత్రం లేదు.

నన్ను బస్సు దాకా దిగబెట్టేవారు, ఒక అడుగు వెనకగా. తిరిగి వచ్చి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని మెట్ల మీది చప్పుళ్ళు వినేవారు. నేను రాగానే చెప్పేవారు: "రెండో అంతస్తు ఆయనకి ఎడమకాలు కొంచెం ఆలస్యం. నాలుగో అంతస్తు అమ్మాయి ఇవాళ దిగులుగా ఉంది, మధ్యలో రెండుసార్లు ఆగింది." ఆ మనుషుల్లో ఒక్కరి మొహం కూడా ఆయన చూసి ఎరగరు. ఇక్కడి భాషలో ఆయనకి వచ్చినవి నమస్కారం, ధన్యవాదాలు, వద్దు. ఆ మూడింటితో కూరగాయలు కూడా తెచ్చేవారు. కాకపోతే తెచ్చినవన్నీ కొట్టువాడికి ఇష్టమైనవి.

ఒక ఆదివారం గోళ్ళు తీసుకుంటూ, నా వైపు చూడకుండా అన్నారు.

"చెట్లు చిగురించేదాకా ఉంటాను. అప్పటికీ కుదురుకోకపోతే వెళ్ళిపోతాను. తమ్ముడు వీధి గది ఖాళీగానే ఉందన్నాడు."

"మరి నేను?"

"నీకు ఒప్పందం ఉందిగా. అది అయ్యాక వద్దువుగాని."

ఆ ఒప్పందం ఇంకా కొన్నేళ్ళుంది. ఈ వయసులో కొన్నేళ్ళంటే ఎన్నో ఎవరికి తెలుసు. నేను లేచి గిన్నెలు తోమడం మొదలుపెట్టాను. గిన్నెలు అన్నాయి నా బదులు. ఆ రోజునుంచీ బస్సులోంచి చెట్ల కొమ్మలు చూడటం, మోడుగా ఉంటే సంతోషించడం నా పని అయింది. చిగుళ్ళు రాకూడదని కోరుకున్న మనిషిని ఎక్కడైనా చూశారా?

కింద అంతస్తులో ఒక ప్లంబరు ఉండేవాడు. గొట్టంలో నీళ్ళు కొట్టుకుంటున్నాయంటే బాగుచేయడానికి వచ్చాడు. తడి తువ్వాలు చూశాడు, దాని పక్కన పెట్టె చూశాడు, చేతిలో పానా కింద పెట్టేశాడు. అతనూ వాయిస్తాడట, కూర్చున్న మనిషెత్తు వయొలిన్, మోకాళ్ళ మధ్య పెట్టుకుని. శనివారాలు బడి హాల్లో ఓ ఇరవైమంది కలిసి వాయించుకుంటారని, మావారిని తప్పకుండా తీసుకురమ్మని నాతో చెప్పాడు. నేను తెలుగు చేసి చెప్పాను. రెండు మూడు మాటలు సొంతంగా కలిపాను కూడా, ఆయన కోసమే ఎదురు చూస్తున్నారట అని. అనువాదంలో ఆ మాత్రం ఉంటుంది.

మావారు ఇస్త్రీ పంచె కట్టుకుని, పైన చలికోటు వేసుకుని వచ్చారు. ఆ హాల్లో అందరూ కుర్చీల మీద కూర్చుని వయొలిన్ గడ్డం కింద పెట్టుకుంటారు. ఈయన బూట్లు విప్పి, కుర్చీ పక్కకి జరిపి, నేల మీద కూర్చున్నారు. వాళ్ళని నడిపించే ఆయన చేతిలో సన్నటి కర్ర పుచ్చుకుని ముందు నిలబడి ఊపుతుంటాడు. మా ఇంట్లో ఆయన పేరు "కర్రాయన" అయిపోయింది. నేల మీంచి మావారికి ఆ కర్ర కనిపించలేదు, ముందువాళ్ళ కాళ్ళు అడ్డం. కాగితం మీది వాళ్ళ గుర్తులు ఆయనకి రావు కనక, కర్రాయన ఓపిగ్గా ఒకమ్మాయి చేత వాళ్ళు వాయించబోయే పాట ఒకసారి వాయింపించాడు. మావారు విని, ఒక్క స్వరం పొల్లుపోకుండా తిరిగి వాయించారు. హాలంతా కుర్చీలు చప్పుడయ్యేలా వెనక్కి తిరిగి చూశారు. నా గుండె ఇంతైంది.

తర్వాత అందరూ కలిసి వాయించారు. కర్రాయన ఆపాడు. మళ్ళీ మొదలుపెట్టించాడు. మళ్ళీ ఆపాడు. నాకు అప్పుడే తెలిసిపోయింది. మావారు వెంట్రుకవాసి వెనక ఉన్నారు. అంతమంది కలిసి ఒక్కసారి ఆగితే, ఆగాక ఒక్క వయొలిన్ ఆ చివరి స్వరం ఒంటరిగా పలికేది. ఎన్నిసార్లు వాయించినా అంతే. పెద్దాయన వెనక ముప్పై ఏళ్ళు ప్రాణం పెట్టి నేర్చుకున్నదే అక్కడ తప్పయి కూర్చుంది.

కర్రాయన మంచివాడు. నేల మీద గొంతుక్కూర్చుని, కుర్చీ ఎక్కి కర్ర చూసి వాయించమన్నాడు. ఎక్కారు. చూశారు. కర్ర కదిలింది, అందరూ మొదలుపెట్టారు, వాళ్ళు మొదలుపెట్టాక ఈయన మొదలుపెట్టారు. కొన్ని శనివారాలు అలాగే గడిచాయి. ఆఖరికి కర్రాయన నన్ను పక్కకి పిలిచి, మీ ఆయన ఎప్పుడైనా వచ్చి వినొచ్చు, మాకు సంతోషం అన్నాడు. వినొచ్చు అంటే ఏమిటో ఏ భాషలోనైనా ఒకటే అర్థం.

దారిలో ప్లంబరు మాకంటే ఎక్కువ బాధపడ్డాడు. "ఆయనది ఉత్త ఆలస్యం కాదండీ. ఎప్పుడూ సరిగ్గా ఒకే కొలత ఆలస్యం. అలా ఉండటం మాలో ఎవరికీ చేతకాదు" అన్నాడు. అది మెచ్చుకోలో ఓదార్పో తెలియక నేను దాన్ని తెలుగు చేయలేదు.

ఇంటికొచ్చాక మావారు కోటు విప్పుతూ అన్నారు.

"అందరూ ఒకేసారి మొదలుపెడుతున్నారే. ఎవరో ఒకరు ముందు వెళితే కదా, నేను వెళ్ళడం."

ఆ వారమే అటక మీంచి సూట్‌కేసు దించారు. వచ్చే నెలకి టికెట్టు తీసుకున్నారు. మా బస్టాపు దగ్గర చెట్టు అప్పటికి చిగుళ్ళతో నిండిపోయి ఉంది. ఆశ్రమంలో బట్టలు మార్చుకునే గదిలో తలుపు గడియ పెట్టుకుని నేను ఏడ్చాను. దాచుకోవడానికేముంది, బావురుమని ఏడ్చాను. మొహం కడుక్కుని మందుల ట్రే పట్టుకుని బయటికి వచ్చాను.

బయట హాల్లో వారం వారం జరిగే పాటల కార్యక్రమం జరుగుతోంది. ఒకమ్మాయి వచ్చి పియానో వాయిస్తుంది, ముసలివాళ్ళు పాడతారు. వాళ్ళలో ఒక మామ్మ ఉంది. వయసులో కుట్టుపని చేసి ఇంటిల్లిపాదినీ పోషించిందట. అందుకని నేను నా మనసులో "దర్జీ మామ్మ" అని పిలుచుకునేదాన్ని. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, మాటలూ పోయాయి. రాగం మాత్రం పోలేదు. పగలంతా సన్నగా ఏదో తీస్తూ ఉంటుంది, మిషను మీద కూర్చుని తీసిన కూనిరాగాలే అయి ఉంటాయి. పాటల రోజున మాత్రం ఎప్పుడూ గొడవే. మధ్యలో ఆగిపోతుంది, వెతుక్కుంటుంది, ఈలోగా పియానో ముందుకి వెళ్ళిపోతుంది, ఆవిడ కుర్చీ చేతిమీద దబదబా కొడుతుంది. మేం ఆవిణ్ణి గదికి తీసుకెళ్ళిపోతాం. ఎన్నోసార్లు నేనే తీసుకెళ్ళాను.

ఆ రోజూ అదే గొడవ ఎర్రబడిన కళ్ళతో చూస్తుంటే నాకు వెలిగింది. ఆవిడకి పాట రాక కాదు. ఆవిడ వెనక ఎవరూ లేరు.

సాయంత్రం మావారితో అన్నాను, "వెళ్ళేలోపు ఒక్కసారి మా ఆశ్రమానికి రండి. ఒక మామ్మ పాడుతుంది, వెనక వాయించాలి."

"వాళ్ళ పాటలు నాకేం తెలుసు?"

"పెద్దాయన మాత్రం మీకు చెప్పి పాడేవారా?"

వెళ్ళిపోయేవాణ్ణి కదా, చివరి మాట కాదనడం దేనికని అనుకున్నారేమో, నా సెలవు రోజు మధ్యాహ్నం పెట్టె పుచ్చుకుని నాతో వచ్చారు. అనుమతి ముందే అడిగి ఉంచాను.

హాల్లో దర్జీ మామ్మ కిటికీ పక్క చక్రాల కుర్చీలో ఉంది. మావారు బూట్లు విప్పి, ఆవిడకి ఎడమపక్కన, కొంచెం వెనగ్గా, నేల మీద చతికిలబడ్డారు. కొత్త మనిషి పడిపోయాడనుకుని ఇద్దరు ఆయాలు పరిగెత్తుకొచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు. వాళ్ళకి నచ్చజెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. ఈలోగా మావారు చెవి పైకెత్తి మామ్మ కూనిరాగం వింటున్నారు. బిరడలు తిప్పి ఆవిడ శ్రుతికి తీగలు కలిపారు. ఎంతో కాలానికి ఆ తీగలు మూలిగాయి. నేను గోడకి ఆనుకున్నాను.

మామ్మ తన ధోరణిలో తను తీస్తోంది. మావారు వెంట్రుకవాసి వెనక కలిశారు. ఎంత మెల్లగా అంటే, ఆవిడ మొదట గమనించలేదు. శ్రుతి కొంచెం జారింది, ఈయనా జారారు. ఆవిడ ఒకే ముక్క దగ్గర నాలుగైదుసార్లు తిరిగింది, ఈయనా తిరిగారు. అప్పుడు ఎప్పటిలాగే ఆవిడకి దారి తప్పింది. ఆగిపోయింది. నా చెయ్యి చక్రాల కుర్చీ మీదికి వెళ్ళింది. మావారు కంగారుపడలేదు. ఆవిడ వదిలిన చివరి ముక్కని మెల్లగా ఒకసారి అన్నారు, పెద్దాయనకి అన్నట్టే. ఆవిడ అందుకుంది. ఇంకోచోట ఆగింది, మళ్ళీ అందించారు, మళ్ళీ అందుకుంది. కుర్చీ కింద ఆవిడ ఎడమపాదం కదలడం మొదలైంది, మడమ, వేళ్ళు, మడమ, వేళ్ళు, కుట్టుమిషను తొక్కినట్టు. మావారు ఆవిడ మొహం చూడటంలేదు. పొట్ట దగ్గర ఊపిరి చూస్తున్నారు.

పాట ఒక చివరికి వచ్చింది. మామ్మ ఆగింది. మావారు చివరి ముక్క అందించారు. ఆవిడ అందుకోలేదు. మళ్ళీ అందించారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇంకా మెల్లగా, బతిమాలినట్టు, ఇంకోసారి అందించారు. ఆవిడ కష్టపడి కిందికి వంగి, ఆయన మొహంలోకి చూసి, కదిలే చేతిని చాపి, అరచెయ్యి ఆయన వైపు తెరిచింది. వాళ్ళ దేశంలో ఆ మర్యాద ఉందో లేదో నాకు తెలియదు. మిషను పక్కన ఎవరితోనైనా వంతులేసుకుని పాడుకునేదేమో, అదీ తెలియదు. మావారికి అర్థం కాలేదు. కమాను తీగ మీదే ఆగిపోయింది. సాయం కోసం నా వైపు చూశారు.

మూడు నాలుగేళ్ళు రెండో వరసలో కూర్చుని నేను పైకి అనని మాట, ఆ రోజు గట్టిగా అన్నాను.

"మీకు వదిలిందండీ."

ఆయన వాయించారు. ఆవిడ పాట దగ్గరే మొదలుపెట్టి, దాన్ని మెల్లగా పైకి తీసుకెళ్ళి, మనవైపు ఎటో తిప్పి, ఏ రాగమో నేను చెప్పలేను, మళ్ళీ తెచ్చి ఆవిడ దగ్గర దింపారు. కచేరీలో తన వంతుకి ఎంతసేపు వాయించేవారో అంతకన్నా ఎక్కువే వాయించారు. పియానో అమ్మాయి ఎప్పుడు వచ్చి నిలబడిందో చూడలేదు. మామ్మ పాదం మిషను తొక్కుతూనే ఉంది. అయ్యాక ఆవిడ మళ్ళీ ఎత్తుకుంది, ఈసారి ఎక్కడా వెతుక్కోకుండా.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు పెట్టెకి, మధ్యది ఆయనకి, అంచుది నాకు.

"పెద్దాయన ఎందుకు వదిలేవారు కాదో నీకెప్పుడూ చెప్పలేదు" అన్నారు ఉన్నట్టుండి. "ఆగితే మళ్ళీ ఎక్కడ ఎత్తుకోవాలో తెలిసేది కాదు ఆయనకి. ఆ భయంతో ఆగేవారు కాదు."

"మీకు తెలుసా అప్పుడే?"

"తెలుసు. చివరి ఏడాదైతే నేనూ గుర్తులేను. వేదిక ఎక్కేముందు నన్నే అడిగేవారు, బాబూ, ఇవాళ వయొలిన్ ఎవరూ అని."

"మీరేమనేవారు?"

"మన నీడేనండీ అనేవాణ్ణి. అయితే భయం లేదు, పద, అనేవారు."

ఇన్నేళ్ళూ ఆ ముసలాయన్ని నేను తిట్టుకున్న తిట్లన్నీ బస్సులో నా ఒళ్ళో వచ్చి పడ్డాయి. కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. మావారు కిటికీలోంచి చిగురించిన చెట్లు చూస్తున్నారు.

మెట్ల దగ్గర ఆయన పెట్టె పుచ్చుకుని నాకన్నా ముందు ఎక్కారు. గదిలో సూట్‌కేసు మంచం పక్కన నోరు తెరుచుకుని ఉంది, సగం బట్టలు సర్ది ఉన్నాయి. దాని సంగతి నేను అడగలేదు. వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించాను.

"ఆ మామ్మ రేపు పాడుతుందా?" అని అడిగారు గదిలోంచి.

"రోజూ పాడుతుంది."

తర్వాత సూట్‌కేసు మూత పడింది, దాన్ని మంచం కిందికి తోసిన చప్పుడైంది.

"అయితే కాస్త ఆ తువ్వాలు నువ్వు తడిపి ఆరేయి" అన్నారు. "నేను ఈలోగా తీగలు చూసుకుంటాను. రేపు బిరడలు జారితే ఆవిడ ముందు పరువు పోతుంది."